బటన్ నొక్కినం, బెల్లం తినలేదు

ఖమ్మంలో కంటి ఆపరేషన్ చేయించుకుని, ఆకుపచ్చ గుడ్డ కట్టించుకుని, చావు అంచుల దాకా పోయి ఇంటికొచ్చి పడుకున్న నాకు, ఆ గుడ్డ విప్పిన రోజున మొదట కనిపించింది మా ఇంటావిడ మొహం కాదు, నా సొంత పేరు. చావు అంచులు అన్నది కొంచెం ఎక్కువైంది, ఒప్పుకుంటాను. కంట్లో శుక్లం తీసి పంపించారు, అంతే, బయటికొచ్చి ఇడ్లీ కూడా తిన్నాను. కానీ పేరు సంగతి మాత్రం అక్షరాలా నిజం. ఫోను తెరిచి చూద్దును కదా, మా ఎత్తిపోతల సంఘం గ్రూపులో ఇప్పటి అధ్యక్షుడైన మా మేనల్లుడు ఒక ప్రశ్న పెట్టి ఉన్నాడు: ఈ యాసంగికి వాగులో నీళ్లు తక్కువ కాబట్టి కాలువ చివరి తూము మూసెయ్యడానికి మీకు సమ్మతమేనా అని. దాని కింద అవును, కాదు అని రెండు గళ్లు. ఆ కింద ఇంకొక వాక్యం, అది చదివాక కొత్త కన్ను కూడా మసకబారింది: సాయంత్రంలోపు స్పందించని సభ్యులు అంగీకరించినట్టుగా భావించబడును. తరువాత వరసగా మొలిచిన పసుపు బొటనవేళ్లు, చివరన ఒప్పుకున్న వాళ్ల పేర్లు, వాటిలో నాది.

కళ్లకు గంతలు కట్టుకుని మంచం మీద పడి ఉన్న మనిషి ఒప్పుకున్నాడట! ఎవడు భావించాడయ్యా? భావించబడును అని రాస్తే భావించినవాడు కనపడడు కదా, అదీ అందులోని సుఖం. మేనల్లుణ్ణి చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన వాణ్ణి, వీధి చివరకు వస్తే నా మంచం ఉంటుంది, మంచం మీద నేనుంటాను, ఒక్క మాట అడిగి పోతే వాడి కాలి చెప్పు అరుగుతుందా? నా వయసు వాళ్లు ఇది చదువుతుంటే వాళ్ల ఫోన్లు కూడా ఒకసారి తెరిచి చూసుకోమంటాను. మనం నిద్రపోయినప్పుడు ఎన్నెన్నింటికి ఒప్పుకున్నామో ఎవరికి తెలుసు.

చివరి తూము అంటే ఏమిటో చెప్పాలి. జూలూరుపాడు దాటి అడవి వైపు పోయే దారిలో, వాగులో మోటర్లు పెట్టి నీళ్లు గట్టెక్కించి ఒక కాలువలో వదిలే చిన్న పథకం మాది. కాలువ మొదట్లో కృష్ణా వైపు నుంచి మా తాతల తరంలో వచ్చి పొలాలు కొనుక్కున్న మా వాళ్లు, చివర టేకు చెట్ల నీడ పడే చోట తండా వాళ్లు, మధ్యలో నా పొలం చెక్క. చివరి తూము మూసేస్తే నా మడికి నీళ్లు ఇంకా పుష్కలంగా వస్తాయి, ఆ సంగతి దాచను. నాకు లాభమైన పనిమీద నాకింత మంట రావడం చూసి మా ఇంటావిడ కంటి మందు తలకెక్కిందేమో అనుకుంది.

ఆ సాయంత్రమే తండా చెల్లె వచ్చింది. చెల్లె అంటే తోడబుట్టింది కాదు; వాళ్ల అమ్మను నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి కనుక ఈమె నాకు చెల్లె. పెద్దమ్మ పోయాక ఆ చివరి తూము కింది పొలం ఈమే చేసుకుంటోంది. ఆమె దగ్గర ఉన్నది మాట్లాడటానికి మాత్రమే పనికొచ్చే చిన్న ఫోను. గ్రూపులో ఆమె పేరుందిగానీ ఆ పేరు వెనక ఉన్నది పట్నంలో పనిచేసే ఆమె కొడుకు పాత నంబరు, అది ఎప్పుడో మూగపోయింది. తూము మూస్తారట అని కాలువ చూసుకునే లస్కరు చెబితే విన్నది. నారు పోసింది, నారు జానెడు లేచింది, ఇంకొన్నాళ్లలో నాటెయ్యాలి. తిండిగింజలు అవే, వేరే ఆధారం లేదు. అరుగు మీద కూర్చుని, ఎవరెవరు ఒప్పుకున్నారో చదవమని అడిగింది. చదివాను. నా పేరు వచ్చిన చోట దాటేసి కింది పేరు చదవొచ్చు, ఆమెకు తెలియదు. కంటి ఆపరేషన్ సాకు కూడా చేతిలోనే ఉంది. దాటెయ్యలేదు. చదివాను.

ఆమె నా మొహం చూసి ఒక్కటే అడిగింది: "నువ్వు గూడ బెల్లం తిన్నవా అన్నా?"

ఈ మాట మా కాలువ వాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు. అందుకే కాస్త వెనక్కి తీసుకుపోతాను, ఓపిక పట్టండి.

మా సంఘం మీటింగుల్లో చేతులెత్తడం అనేది ఉండేది కాదు. తిట్లూ వాదాలూ పాత పగలూ అన్నీ అయిపోయాక ఒక పళ్లెంలో బెల్లం ముక్కలు వేసి తిప్పేవారు. తీర్మానానికి ఒప్పుకున్నవాడు ముక్క నోట్లో వేసుకుంటాడు. ఒప్పుకోనివాడు కాదనడు, లేచిపోడు, ముక్క తీసుకుని తువాలు కొసనో కొంగు చివరనో ముడి వేసుకుంటాడు. ఒక్క ముడి ఉన్నా ఆ మీటింగు అయిపోనట్టే. ఇక మిగతా వాళ్లంతా ఆ ముడి చుట్టూ తిరగాలి, బతిమాలతారో, బేరమాడతారో, తమ పట్టు తాము సడలించుకుంటారో, ఏదో ఒకటి చేసి ఆ ముడి విప్పించాలి. అదీ ముడికి చీమలు పట్టేలోపు. చీమలు పట్టాయంటే ఊరికే సిగ్గుచేటు; ఫలానా వాళ్ల కొంగుకు చీమలు పట్టించారు అని పక్క ఊళ్ల వాళ్లు కూడా నవ్వేవారు. ఈ పద్ధతి మా తాతలు కృష్ణా ఒడ్డు నుంచి తెచ్చారని మా వాళ్లు చెప్పుకునేవారు, మీ తాతలకు మేమే నేర్పించామని తండా వాళ్లు అనేవారు. అది మాత్రం ఏ మీటింగులోనూ తేలలేదు.

అలాంటి చోటికి కంప్యూటర్ వచ్చింది. ఈ అడవి గట్టున, ఇటు జూలూరుపాడు మొదలు అటు పర్ణశాల దాకా, కంప్యూటర్ పెట్టి మీటింగు నడిపిన మొట్టమొదటి మనిషిని నేనే. సరే, కొంచెం తగ్గిస్తాను. మీటింగు నడిపింది ప్రాజెక్టు సారు, నేను జనరేటర్ నడిపాను. మొట్టమొదటిదో కాదో కూడా నాకు తెలియదు, పర్ణశాల వైపు పోయి అడిగింది లేదు. నీళ్ల సంఘాలకు యంత్రం సాయంతో నిర్ణయాలు తీసుకోవడం నేర్పించే పథకం ఏదో వచ్చింది, దాని తరఫున ఒక కుర్ర సారు జీపులో దిగాడు. సన్నగా, కళ్లద్దాలతో, ఎవరు మంచినీళ్లిచ్చినా రెండు చేతులతో పుచ్చుకునే రకం. మా అక్క మొగుడు, అంటే ఇప్పటి మేనల్లుడి తండ్రి, అప్పుడు సంఘానికి అధ్యక్షుడు. వెలుతురు ఉంటే గోడ మీద బొమ్మ పడదని సారు అంటే, మా బావ మోటర్లు ఆపించి మీటింగు పంప్‌హౌస్ లోపల పెట్టించాడు, గోడకు తెరగా తన పట్టు పంచె కట్టించాడు. పంచె మీద పెళ్లినాటి పసుపు మరక ఒకటి ఉండేది. ఆ రోజంతా గోడ మీద ఏ లెక్క పడ్డా ఒక మూల పచ్చగా ఉండేది.

ఆ ఏడు కూడా ఇట్లాగే వాగు సన్నబడింది. ఆ ఏడు కూడా ఇదే ప్రశ్న, చివరి తూము మూయాలా వద్దా అని.

మొదట అభిప్రాయాలు. ఎవరికి తోచింది వాళ్లు సారు చెవిలో చెబితే ఆయన టైపు చేస్తాడు, గోడ మీద మాట పడుతుంది, పేరు పడదు. పేరు లేకపోతే బీదాబిక్కీ కూడా భయం లేకుండా మాట్లాడతారని ఆయన నమ్మకం, అది చెడ్డ నమ్మకం కాదు. కానీ మా వాళ్ల సంగతి ఆయనకేం తెలుసు. మూడో వరుసలో "లస్కరు పొద్దెక్కినదాకా నిద్ర లేవడు" అని పడగానే లస్కరు లేచి నిలబడ్డాడు.

"గది ఎవరన్నది? పేరు లేకుండ తిట్టుడేంది? గోడ తిట్టినట్టున్నది!"

మా చిన్నాన్న తువాలు దులుపుకుంటూ లేచాడు. "నేనే అన్న. ఏం జేస్తవ్?"

"అట్ల చెప్పు. నువ్వన్నవంటే పడత. గోడంటే పడ."

అంతే, ఇక ఒక్కొక్కళ్లే లేచి, రెండోది నాది, అయిదోది నాది, ఆ పైది నేను చెప్పిందే కానీ సారు సగమే కొట్టాడు అని తమ మాటలు తాము లాక్కోవడం మొదలెట్టారు. పేర్లు దాచే యంత్రం దగ్గర అంత గోలగా పేర్లు చెప్పుకున్న జనాన్ని ఆ సారు మళ్లీ చూసి ఉండడు. ఆయనకూ నవ్వొచ్చింది, నవ్వితే చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

తరువాత బటన్లు. ఇంటికొకటి చొప్పున రిమోట్ల లాంటి డబ్బాలు పంచాడు. మూయాలంటే పచ్చది, వద్దంటే ఎర్రది నొక్కాలి. చీకట్లో ఎవరు ఏది నొక్కారో పక్కవాడికి కూడా తెలియదు. పచ్చ గీత గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకింది, ఎర్ర గీత బొటనవేలంత కూడా లేదు. నేనూ పచ్చదే నొక్కాను, కాలువ మధ్యలో ఉన్నవాణ్ణి మరి. పెద్దమ్మ మాత్రం డబ్బాను ఒళ్లో పెట్టుకుని, నిద్రపోతున్న పిల్లి మీద వేసినట్టు దాని మీద చెయ్యి వేసి, ఏదీ నొక్కకుండా కూర్చుంది. ఏది నొక్కారో కాదు, నొక్కారా లేదా అన్నది మాత్రం చూపించే గళ్లలో ఆమెది తెల్లగా ఉండిపోయింది, పక్కన స్పందన లేదు అని పడింది. ఇది గుర్తు పెట్టుకోండి. ఆ యంత్రం స్పందన లేదు అన్నది, అంతవరకే అన్నది. ఒప్పుకున్నట్టు భావించలేదు. బడిపిల్లాడి పెట్టె అంత యంత్రానికి ఉన్నపాటి సిగ్గు ఇవాళ మనుషులకు లేకపోయింది.

సారు సంతోషంగా, తీర్మానం నెగ్గింది అన్నాడు. మా బావ అలవాటు కొద్దీ పళ్లెం అందుకున్నాడు, తలుపులు తెరిచారు, వెలుతురు పడింది, బెల్లం తిరిగింది. పెద్దమ్మ ముక్క తీసుకుని, అందరూ చూస్తుండగా, తొందరేమీ లేకుండా కొంగు చివర ముడి వేసింది. ఆమె పక్కనున్న వాడు ముక్క నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. ఆ పక్కవాడూ ఆగాడు. మా చిన్నాన్న బెల్లం కోసం ప్రాణమిచ్చే మనిషి, ఆయన కూడా ముక్కను అరచేతిలో అటూ ఇటూ దొర్లించుకుంటూ పెద్దమ్మ వైపు చూడకుండా తంటాలు పడ్డాడు. చీకట్లో పచ్చ బటన్ నొక్కిన వేళ్లే అవి, వెలుతుర్లో ఆమె ఎదురుగా నోటి దాకా రాలేకపోయాయి. పళ్లెం తిరిగి వచ్చేసరికి ఒక్క నోరూ కదలలేదు.

సారుకు ఏమీ అర్థం కాలేదు. మీరందరూ నొక్కారు కదండీ అన్నాడు, పాపం, తన యంత్రంలో లోపమేమో అన్నట్టు.

చిన్నాన్న చెప్పాడు: "బటన్ నొక్కినం సారూ. బెల్లం తినలేదు గదా."

ఇంకొకడైతే పెట్టె సర్దుకుని జీపు ఎక్కేవాడు. ఆ కుర్రాడు అలా చెయ్యలేదు, అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం. పళ్లెంలోంచి తనూ ఒక ముక్క తీసుకున్నాడు, తినలేదు, చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు, తలుపులు మళ్లీ వెయ్యమన్నాడు. ఈసారి గోడ మీద బటన్ల లెక్క కాదు, మా కాలువ బొమ్మ వేశాడు. వాగులో ఉన్న నీళ్లు ఇన్ని, ఎవరి మడికి ఎంత, నీలం గీత కాలువలో ఎక్కడి దాకా పోతుందో చూపిస్తుంది. మొదట ఆ గీత నా చెక్క దాటి కొంచెం పోయి ఆగిపోయింది. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఏం మార్చుకుంటే ఇది ముందుకు పోతుందో చూద్దాం అన్నాడు. ముందుగా మా బావ గొంతు సవరించుకుని, తన పై చెక్కలో వరి మానేసి మొక్కజొన్న వేస్తానన్నాడు. సారు ఏదో కొట్టాడు, నీలం గీత ఒక జానెడు జరిగింది. జనం ఒక్కసారి అబ్బా అన్నారు. తాము నోటితో అన్న మాట కాలువలో నీళ్లయి కదలడం మేమెవరం అంతకుముందు చూడలేదు. ఇక పోటీ పడ్డారు. నాది పెసర వెయ్యి, నాది బీడు పెట్టు, నాది సగం చెయ్యి, మా తోడల్లుడి దాని కంటే నాది ఎక్కువ తగ్గించు! గీత తండా వైపు పాకుతూ ఉంది, పెద్దమ్మ తెర దగ్గరికి వచ్చి నిలబడింది, అప్పుడు జనరేటర్ ఆగిపోయింది.

డీజిల్ అయిపోయింది. ఆ మండే ఎండలో నేను జూలూరుపాడు దాకా పరుగెత్తుకుంటూ పోయి డబ్బా భుజాన వేసుకుని తెచ్చానని మా మనవళ్లకు చెప్పి ఉన్నాను. మీ దగ్గర అబద్ధమెందుకు, బయట చింత చెట్టు కింద మా బావ ట్రాక్టర్ ఉంటే దాంట్లోంచి గొట్టం పెట్టి పీల్చాను. నోట్లోకి కొంచెం పోయింది కూడా. కానీ నేను పీల్చి తెచ్చేదాకా ఆ చీకటి గదిలోంచి ఒక్కరు కూడా బయటికి రాలేదు, అది మాత్రం అతిశయోక్తి కాదు. తెర వెలిగింది, నేను కూడా నా చెక్కలో వరి సగం చేశాను, గీత చివరి తూము దాటింది.

పెద్దమ్మ దాన్ని చూసింది, పసుపు మరక పక్కన నీలం గీతను చేత్తో ముట్టుకుని చూసింది. తనవంతు రెండు మళ్లు తానూ ఎండబెడతానన్నది. తరువాత కొంగు ముడి విప్పింది. అప్పటికే నాలుగు చీమలు ఎక్కి ఉన్నాయి, ఉఫ్ అని ఊదేసి ముక్క నోట్లో వేసుకుంది. అప్పుడు తిన్నాం అందరం. సారు చేతిరుమాలు విప్పితే ముక్క కరిగి గుడ్డకు అంటుకుపోయింది, గుడ్డతో సహా నాకాడు.

అదీ బెల్లం సంగతి. అదీ మా చెల్లె నన్ను అడిగింది.

తినలేదు అన్నాను. అని ఊరుకోలేకపోయాను. మా ఇంటావిడ వద్దు వద్దు కంట్లో దుమ్ము పడుతుందంటున్నా వినకుండా, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, పళ్లెంలో బెల్లం గడ్డ కొట్టించి పోసుకుని, చెల్లెను వెంటబెట్టుకుని మేనల్లుడి ఇంటికి పోయాను. వాడు వసారాలో కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. లేచి నిలబడ్డాడు, ఆ మర్యాదకేం తక్కువ లేదు.

"ఏంది మామా, కన్ను బాగయిందా? కూసో."

"కన్ను బాగయింది గాబట్టే వచ్చిన. నా ఓటు నేనెప్పుడు ఏసిన్రా?"

"నువ్వేం అనలే గదా. ఏం అనకపోతే ఒప్పుకున్నట్టే. గింతదానికి గంత కోపమేంది?"

చెల్లె మెల్లగా అన్నది: "నన్ను అడగలే గదా బిడ్డా. నారు పోసిన."

"గ్రూపులో పెట్టిన చిన్నమ్మా. అందరికీ పోయింది. అయిదు నిమిషాల్ల అయిపోయింది, మీటింగ్ పెడితే దినమంతా గుంజుతరు. పోల్ క్లోజ్ అయింది, ఇప్పుడు నేను గూడ మార్చలేను."

వాడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకింత మండేది కాదు, చెడ్డవాళ్లను తిట్టుకుని నిద్రపోవచ్చు. నీ చేతిలో ఉన్నది ఆనాటి సారు పెట్టె కంటే గొప్పది కదా, కాలువ బొమ్మ వెయ్యలేదా, ఎవరు వరి తగ్గిస్తే నీళ్లు ఎక్కడి దాకా పోతాయో చెప్పలేదా అని అడిగాను. ఓ, దానికి బ్రహ్మాండమైన యాప్‌లే ఉన్నాయన్నాడు, సంబరంగా, నాకేదో కొనిపెట్టబోతున్నట్టు. మరి ఎందుకు అడగలేదురా దాన్ని అంటే ఫోను జేబులో వేసుకున్నాడు. అదీ నా కడుపుమంట. ఆ రోజుల్లో గోడంత తెరా, జనరేటరూ, నోట్లో డీజిలూ పెట్టుకుని చేసిన పని ఇవాళ అరచేతిలో అవుతుంది. ఆ పని అడిగే నోరు మాత్రం లేదు. యంత్రం మాకు ఒకరి మొహం ఒకరికి చూపించింది. అదే యంత్రాన్ని వీళ్లు మొహం చాటెయ్యడానికి వాడుతున్నారు.

పళ్లెం వాడి ముందు పెట్టాను. తిను, తిని చెప్పు, మీ చిన్నమ్మ ఎదురుగా, తూము మూస్తున్నానని అన్నాను.

వాడు పళ్లెం వంక చూసి, నవ్వి, పక్కకు జరిపాడు. "నాకు షుగర్ మామా."

నాకూ షుగరే. ఊళ్లో సగం మందికి షుగరే. నల్లద్దాల వెనక కొత్త కన్ను నీరు కారడం మొదలెట్టింది. మందు వల్ల, మందు వల్లే. చెల్లె మాత్రం కంగారు పడలేదు. పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుంది. వాళ్లమ్మ చేసినట్టే, తొందరేమీ లేకుండా, కొంగు చివర పెట్టి ముడి వేసుకుంది, వేసుకుని వాడి కళ్లలోకి చూసి, పోయొస్త బిడ్డా అని వెళ్లిపోయింది. ఆ ముడి ఏమిటో వాడికి తెలుసు. వాళ్ల నాన్న పళ్లెం తిప్పుతుంటే పక్కన కూర్చుని పెరిగినవాడు. నవ్వు ఆగింది, కానీ ఫోను మోగింది, వాడు అటు తిరిగాడు. నేను కూడా ఒక ముక్క తువాలు కొసకు ముడి వేసుకుని వచ్చేశాను.

మరుసటి వారం లస్కరు తూము తలుపు దించాడు, మట్టి కొట్టాడు, పని చేస్తున్నంతసేపూ ఎవరి వంకా చూడలేదట. చెల్లె నారు పసుపు తిరుగుతోంది. నా చెక్కలో నీళ్లు పొర్లుతున్నాయి, గట్టు మీద నిలబడి చూడబుద్ధి కావడం లేదు.

మన కాలం అంతా బంగారమని నేను చెప్పబోవడం లేదు. మనమూ చీకట్లో పచ్చ బటనే నొక్కాం. కానీ తలుపు తెరిచాక బెల్లం మింగుడుపడని సిగ్గు ఒకటి మనకుండేది, కాదన్నవాడి ముడి విప్పించే బాధ్యత అందరి మెడకూ ఉండేది. ఇప్పటి ఫోన్లలో అవునుకు గడి ఉంది, కాదుకు గడి ఉంది, ముడికి లేదు. నా తువాలు దండెం మీద ఉంది, మా ఇంటావిడ ఉతుకుతానంటే ఇవ్వలేదు. నిన్న పొద్దున చూస్తే గోడ కింది నుంచి దాని కొస దాకా చీమల బారు. రోజూ ఆ బారు చూస్తూ కూర్చుంటున్నాను. మా చెల్లె కొంగుకూ పట్టే ఉంటాయి. పట్టనీ. సిగ్గు మాది కాదు. మా లెక్కన ఆ మీటింగు ఇంకా అయిపోలేదు.